కువైట్ ఇళ్ళలో కోవిడ్ కాలం: వలస స్త్రీల ఒంటరితనం, నమ్మకం, ఒత్తిడి

(అంబర్‌పేట్‌లో జరిగిన స్త్రీల సంఘాల కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం మహమ్మారి కాలంలో ప్రవాసుల ఒంటరితనం, నమ్మకం, మానసిక ఒత్తిడి గురించి. ప్రవాసులు అనగానే మనకు ముందుగా గుర్తుకొచ్చేది ఎవరు? చిక్కడపల్లి, నారాయణగూడల నుండి అంబర్‌పేట్ దాకా ఏ అపార్ట్‌మెంటు మెట్లెక్కినా అమెరికాలో ఉన్న కొడుకో, ఆస్ట్రేలియాలో ఉన్న కూతురో ఉన్న ఇల్లు తగులుతుంది. ఎన్నారై అనే మాటను పత్రికలు వాళ్ళకే వాడతాయి. పాత కడప జిల్లాలోని రాజంపేట, రాయచోటిల నుండో, గోదావరి జిల్లాల నుండో బయలుదేరి కువైట్‌లో అరబ్బుల ఇళ్ళలో వంట, గిన్నెలు, పిల్లల పని చేసే స్త్రీని ఎవరూ ఎన్నారై అనరు. ఆమె "కువైట్ పోయింది" అంటారు. ఆ మాటలో ఆమె పంపిన డబ్బు గురించిన ఆశ ఉంటుంది, ఆమె నడవడి మీద అనుమానమూ ఉంటుంది. నేను ఈరోజు ఈ స్త్రీల గురించి మాట్లాడతాను.

ముందుగా ఒక వివరణ. 2020 చివరి నుండి నేను కువైట్ నుండి తిరిగొచ్చిన స్త్రీలతో విడతలు విడతలుగా మాట్లాడుతూ వచ్చాను. వాళ్ళలో కొందరు మన ఈ పేటల్లోనే వృద్ధుల ఇళ్ళలో ఆయమ్మలుగా, వంటవాళ్ళుగా పనిచేస్తున్నారు. ఇది సర్వే కాదు. శాతాలు చెప్పటం లేదు. వాళ్ళ పేర్లు, ఊళ్ళు కూడా చెప్పను. వాళ్ళు చెప్పిన దాని నుండి నాకు అర్థమైనదాన్ని మీ ముందు చర్చకు పెడుతున్నాను.

ఆ నెలల్లో ఏం జరిగింది

కువైట్‌లో నివసించేవారిలో దాదాపు 70 శాతం విదేశీయులే. అందులో భారతీయులే ఎక్కువ. అన్ని దేశాల వాళ్ళనూ కలుపుకుంటే ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు 6 లక్షలకు పైగా ఉంటారు. ఇంటి పనికి ఇచ్చే వీసాను అక్కడ 20వ నంబరు వీసా అంటారు, మన ఊళ్ళల్లో ఖాదిం వీసా అంటారు. ఆ వీసా యజమానికి కట్టేసిన తాడు. యజమానిని కఫీల్ అంటారు. కఫీల్ ఒప్పుకోకుండా ఆమె పని మారలేదు. అతను "పారిపోయింది" అని ఫిర్యాదు చేస్తే చాలు, అకామా రద్దయి, ఆమె నేరస్థురాలవుతుంది. దీన్నే కఫాలా పద్ధతి అంటాం.

2020 మార్చిలో కువైట్ మసీదులు, చర్చిలు, బడులు మూసింది. మార్చి 22 నుండి సాయంత్రం వేళ కర్ఫ్యూ పెట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన ప్రభుత్వం అంతర్జాతీయ విమానాలను ఆపేసింది. ఏప్రిల్ మొదటి వారంలో విదేశీ కార్మికులు కిక్కిరిసి ఉండే జలీబ్, మహబూలా ప్రాంతాలను కువైట్ ప్రభుత్వం దిగ్బంధం చేసింది. మే 10 నుండి 30 వరకు దేశమంతా పూర్తి కర్ఫ్యూ.

ఈ మధ్యలోనే కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది. అకామా లేనివాళ్ళు ఏప్రిల్ నెలలో పేరు నమోదు చేసుకుంటే జరిమానా లేకుండా, విమాన ఖర్చు కూడా తామే భరించి పంపేస్తామన్నారు. యజమాని ఇంటి నుండి ఎప్పుడో తప్పించుకుని, చాటుమాటుగా గంటల లెక్కన పనిచేసుకుంటున్న మన స్త్రీలు ఎందరో ఈ ప్రకటనను నమ్మి బయటికి వచ్చారు. గదులు ఖాళీ చేశారు. సామాన్లు అమ్ముకున్నారు. వాళ్ళను శిబిరాలకు తీసుకెళ్ళారు. కానీ వాళ్ళను దింపుకోవటానికి మన దేశం ఆకాశం తెరిచి లేదు. "వందే భారత్" విమానాలు మొదలైంది మే 7న. కువైట్ నుండి హైదరాబాద్‌కు మొదటి విమానం వచ్చింది మే 9న. క్షమాభిక్షకు నమోదైనవాళ్ళ వంతు ఆ తర్వాత కానీ రాలేదు. అంటే ఒక ప్రభుత్వం వెళ్ళిపొమ్మంది, ఇంకో ప్రభుత్వం ఇప్పుడే రావద్దంది. ఆ రెండింటి మధ్య, శిబిరంలో, ఎండాకాలంలో, రంజాన్ నెలలో మన స్త్రీలు ఉన్నారు.

1990లో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినప్పుడు అమ్మాన్ మీదుగా లక్షకు పైగా భారతీయులను విమానాల్లో తెచ్చుకున్నాం. ఆ సంగతి సినిమా కథగా కూడా మిగిలింది. ముప్పై ఏళ్ళ తర్వాత కువైట్‌లో ఇంకెందరో మన స్త్రీలు పనిచేస్తున్నారు. వాళ్ళ కోసం ఆపత్కాలంలో ఏం చేయాలనే ఏర్పాటు మాత్రం ముందుగా సిద్ధంగా లేదు.

ఒంటరితనం ఎక్కడ తయారవుతుంది

మనస్తత్వ శాస్త్రం ఒంటరితనాన్ని వ్యక్తి అనుభూతిగా చూస్తుంది. ఇంటినిండా మనుషులున్నా ఒంటరిగా అనిపించవచ్చు అంటుంది. ఇది నిజమే. కానీ ఆ అనుభూతి ఎక్కడి నుండి వస్తుందని అడగటం మన పని.

ఈ స్త్రీలు మామూలు రోజుల్లో కూడా పదిమంది ఉన్న ఇంట్లోనే ఉంటారు. ఆ ఇంట్లో వాళ్ళకు పని ఉంది, చోటు లేదు. వంటింటి పక్క గది, కొన్ని ఇళ్ళలో పిల్లల గదిలోనే నేల మీద పడక. భాష రాదు. మొదటి ఆరునెలలూ చేతులతో, కళ్ళతో మాట్లాడుకోవాలి. వాళ్ళకు మిగిలిన ఒకే ఒక సామాజిక ప్రపంచం శుక్రవారం. సెలవు దొరికిన ఆమె కువైట్ సిటీలో మాలియాకు వెళుతుంది. తెలుగు మాట వినపడుతుంది. డబ్బు పంపుతుంది. పచ్చడి సీసా కొనుక్కుంటుంది. క్రైస్తవ స్త్రీలు తెలుగు ప్రార్థనకు వెళతారు. వీళ్ళలో దళిత స్త్రీలు చాలామంది. వాళ్ళకు ఆ ప్రార్థన కూటమి భక్తికి మాత్రమే పరిమితం కాదు. ఏ ఇంట్లో జీతం ఇవ్వటం లేదు, ఎవరిని కొట్టారు, ఎవరికి సాయం కావాలి అనే సమాచారం అక్కడే చేతులు మారుతుంది. మన భాషలో చెప్పాలంటే అది వాళ్ళ సంఘం.

మార్చిలో ఆ శుక్రవారం పోయింది. నెలల తరబడి రాలేదు. నాతో మాట్లాడిన ఒకామె, జబ్బు భయం కన్నా శుక్రవారం లేకపోవటమే తనకు ఎక్కువ కష్టమైందని చెప్పింది. వారాల లెక్క తప్పిపోయి ఏ రోజు ఏదో తెలియకుండా పోయిందట. ఇంకొకామె, నెల రోజుల పాటు తన పేరుతో తనను ఎవరూ పిలవలేదని గమనించుకుంది. ఆ ఇంట్లో ఆమెకు వాళ్ళు పెట్టుకున్న పేరు వేరే.

ఇక ఫోను. ఇంటి మీద బెంగను తీర్చేది ఫోనేనని అందరం అనుకుంటాం. ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్నది ప్రశ్న. కొన్ని ఇళ్ళలో పగలంతా మేడమ్ దగ్గర ఉంచి రాత్రి పడుకునేటప్పుడు ఇస్తారు. ఆమెకు రాత్రి పన్నెండైతే మనకు రెండున్నర. పిల్లలు నిద్రలో ఉంటారు. కోవిడ్ నెలల్లో ఇంట్లో అందరూ ఇరవై నాలుగు గంటలూ ఉండటంతో ఆ అర్ధరాత్రి సమయం కూడా తగ్గిపోయింది. వీడియోలో పిల్లవాడు కనిపించినప్పుడు బెంగ తీరేదా అని అడిగితే, చూసిన తర్వాతే ఎక్కువయ్యేదని చాలామంది అన్నారు. బాధను దాచి, "బాగున్నాను, తిన్నాను" అని చెప్పటం కూడా వాళ్ళకు ఒక పనే. అటు నుండి కూడా అదే అబద్ధం వస్తుందని వాళ్ళకు తెలుసు.

కాబట్టి ఈ ఒంటరితనం ఆ స్త్రీ మనసులో పుట్టింది కాదు. వీసా, గోడ, సెలవు, ఫోను, భాష అన్నీ కలిసి దాన్ని తయారు చేశాయి. కోవిడ్ దాన్ని కొత్తగా సృష్టించలేదు. ఉన్న తలుపులను కూడా మూసింది.

నమ్మటం, దిక్కులేక అప్పగించుకోవటం

రెండవ విషయం నమ్మకం. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ ఇక్కడ ఉపయోగపడే ఒక తేడా చూపిస్తాడు. మరో దారి ఉండి కూడా, మోసపోవచ్చని తెలిసి కూడా ఒకరిని ఎంచుకోవటం నమ్మకం. మరో దారి గురించిన ఆలోచనకే తావు లేనిచోట ఉండేది వేరు. మన తెలుగులో దీనికి మంచి మాట ఉంది, దిక్కు. "ఆమెను నమ్మింది" అనటానికీ, "ఆమే దిక్కు" అనటానికీ తేడా మనందరికీ తెలుసు. వలస స్త్రీ జీవితంలో మనం నమ్మకం అని పిలిచేదాంట్లో చాలా భాగం దిక్కులేనితనమే.

మొదట ఏజెంటు. అతను పరాయివాడు కాదు. మేనమామ వరసవాడో, ముందే కువైట్‌లో ఉన్న పక్కింటామెో, అదే చర్చికి వచ్చే మనిషో అవుతాడు. చట్టం ఏమంటుంది? 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాసుకాని స్త్రీకి వచ్చే పాస్‌పోర్టు ఇసిఆర్ పాస్‌పోర్టు. గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఆ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి పోవాలంటే ఆమెకు 30 ఏళ్ళు నిండాలి. 2016 నుండి ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంకాప్, తెలంగాణలో టాంకాం అలాంటివి. రక్షణ పేరుతో పెట్టిన ఈ నిబంధన ఆచరణలో ఏం చేసింది? ప్రభుత్వ సంస్థ పట్టణంలో ఉంటుంది, కాగితాలు అడుగుతుంది. ఏజెంటు గడపలోకే వస్తాడు. వయసు దిద్దుతాడు, విజిట్ వీసా మీద పంపుతాడు. ఇరవై ఐదేళ్ళ స్త్రీ చట్టం కంటికి కనపడకుండా వెళుతుంది. అలా వెళ్ళిన ఆమెకు 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉండదు, నమోదు ఉండదు. ఆపద వచ్చినప్పుడు ఎంబసీ జాబితాలో ఆమె పేరే ఉండదు. స్త్రీ పెద్దదై ఉండాలి, ఎవరో ఒకరు ఆమెను కాపాడాలి అనుకునే పితృస్వామ్య ఆలోచన చివరికి ఆమెను ఏజెంటుకే అప్పగించింది.

తర్వాత యజమాని. కువైట్‌లో 2015లో ఇంటిపనివారి కోసం ప్రత్యేకంగా 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదని, వారానికొక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు ఇవ్వాలని, పనిమనిషి ఇష్టం లేకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని అందులో ఉంది. ఆ మరుసటి సంవత్సరం 60 దీనార్ల కనీస వేతనం నిర్ణయించారు. గల్ఫ్ దేశాల్లో ఇది ముందడుగే. కానీ ఇంటి గడప దాటి ఆ చట్టాన్ని తనిఖీ చేసేదెవరు? నాతో మాట్లాడినవాళ్ళలో ఈ చట్టం ఉందని అక్కడ ఉన్నప్పుడు తెలిసినవాళ్ళు ఒక్కరు కూడా లేరు. కొందరికి మంచి యజమానులే దొరికారు. కోవిడ్ వచ్చిన స్త్రీకి గది ఇచ్చి, తలుపు దగ్గర అన్నం పెట్టిన మేడమ్ గురించి ఒకామె కన్నీళ్ళతో చెప్పింది. ఇంకొకామెకు అదే జబ్బు అనుమానంతో జీతం కూడా లెక్కచూడకుండా బయటికి పంపారు. ఒకరికి మంచి, మరొకరికి చెడు జరగటం అదృష్టం మీద ఆధారపడితే, అక్కడ హక్కు లేదనే అర్థం.

మూడవది, మనం తక్కువగా మాట్లాడేది, ఇంటివాళ్ళ మీద నమ్మకం. ఆమె పంపిన డబ్బు భర్త చేతికో, అన్న చేతికో వస్తుంది. ఇల్లు కడుతున్నామంటారు. ఆమె ఫోటోల్లోనే చూస్తుంది. ఆ ఇంటి పట్టా ఎవరి పేరున ఉందో చాలామందికి తిరిగి వచ్చేదాకా తెలియదు. 2020లో జీతాలు ఆగిపోయినప్పుడు ఇంటి నుండి వచ్చిన ఫోన్లు డబ్బు గురించే ఎక్కువ. వడ్డీలవాడు గుమ్మంలో కూర్చున్నాడని ఆమెకు చెప్పారు కానీ, ఆమె జీతం ఎందుకు రాలేదో నిదానంగా అడిగినవాళ్ళు తక్కువ. ఒకామె మాటల్లో, దూరంలో ఉన్న మనిషి గొంతు ఇంటివాళ్ళకు డబ్బు లాగే వినపడుతుంది.

మరి నమ్మకం ఎక్కడ నిలబడింది? తోటి స్త్రీల మధ్య నిలబడింది. శిబిరంలో జాబితా చదివే మనిషి భాష అర్థం కానప్పుడు అరబ్బీ వచ్చిన పాత కార్మికురాలు అందరి పేర్లూ చూసి చెప్పేది. పేరు ముందుకు జరిపిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వవద్దని అందరినీ హెచ్చరించిందీ ఆమే. పక్క ఇళ్ళలో పనిచేసే శ్రీలంక, ఫిలిప్పీన్స్ స్త్రీలతో వచ్చీరాని అరబ్బీలో స్నేహం కలిసింది. చెత్త పారేయటానికి బయటికి వచ్చే ఐదు నిమిషాలు వాళ్ళ సమావేశ సమయం. ఆ ఐదు నిమిషాల్లో కబురు చేరిన సందర్భాలున్నాయి. మనం చేయవలసిన పనికి మూలం ఇక్కడే ఉంది.

ఒత్తిడి అనే మాట ఎవరిది

ఒత్తిడి అనే మాట నాతో మాట్లాడిన స్త్రీలు వాడలేదు. గుండెదడ, తల బరువు, నిద్ర పట్టకపోవటం, నెలసరి తప్పటం, ఒళ్ళంతా మంట అని చెప్పారు. బెంగ అన్నారు. మనలాంటి చదువుకున్నవాళ్ళకు డిప్రెషన్ వస్తుంది, డాక్టరు దగ్గరికి వెళతాం. వాళ్ళకు బెంగ వస్తుంది, నాలుగు రోజులుంటే అదే పోతుందంటారు. ఒకే బాధకు రెండు పేర్లు పెట్టి, ఒకదానికే వైద్యం ఇచ్చే వ్యవస్థ మనది.

ఆ ఒత్తిడికి భౌతిక ఆధారం ఏమిటో చూద్దాం. బడులు, ఆఫీసులు మూసెయ్యటంతో ఇంట్లో మనుషులు పెరిగారు, పూటలు పెరిగాయి. రంజాన్‌లో రాత్రి వంట, పగలు శుభ్రం. బయటి నుండి తెచ్చిన ప్రతి సరుకునూ కడగాలి, గచ్చు మీద రోజూ బ్లీచింగ్ రుద్దాలి. చేతుల చర్మం ఊడిపోయిందని ముగ్గురు నలుగురు చూపించారు. జబ్బుపడ్డ యజమానికి సేవ చేసేది ఈమే, ఈమె వల్లే జబ్బు వచ్చిందని అనుమానించేదీ ఈమెనే. లైంగిక హింస గురించి నేరుగా చెప్పినవాళ్ళు తక్కువ. గదికి లోపల గడియ లేదని, పడుకునేటప్పుడు తలుపుకు అడ్డంగా పెట్టె పెట్టేదాన్నని చెప్పినవాళ్ళు ఉన్నారు. ఇంట్లో మగవాళ్ళందరూ రోజంతా ఉండటం ఆ స్త్రీకి ఎలాంటి భయమో ఇంకా వివరించనవసరం లేదు. గృహహింస పెరగటాన్ని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2020లో నీడలా నడిచే మహమ్మారి అంది. ఇంటిపని స్త్రీకి పని స్థలమే ఇల్లు, ఆ ఇల్లు కూడా ఆమెది కాదు.

దీనికి తోడు బయటి మాటలు. 2020 జూన్‌లో కువైట్ ప్రధాని విదేశీయుల వాటాను 70 శాతం నుండి 30 శాతానికి తగ్గించాలన్నాడు. ఆ వార్త వాట్సాప్‌లో ప్రతి గదికీ చేరింది. తన శ్రమ లేకుండా పొద్దు గడవని ఇంట్లోనే తాను అదనపు మనిషినని వినటం ఎలా ఉంటుందో ఆలోచించండి.

తిరిగి వచ్చిన తర్వాత

ఊరికి చేరితే ఒంటరితనం తీరుతుందని అనుకుంటాం. ఆ వేసవిలో విదేశాల నుండి వచ్చినవాళ్ళ తలుపులకు కాగితాలు అంటించారు. ఇలా పోస్టర్లు అంటించనవసరం లేదని సుప్రీంకోర్టు చెప్పింది 2020 డిసెంబరులో. అప్పటికి జరగాల్సిన వెలి జరిగిపోయింది. కువైట్ నుండి వచ్చిన స్త్రీకి ఇది రెండింతలు. ఆమె మీద ముందు నుండీ ఉన్న అనుమానానికి జబ్బు అనుమానం తోడైంది. ఎన్నేళ్ళు సంపాదించి పంపినా ఉత్త చేతులతో వచ్చిందన్న మాట పడింది. నన్ను చూసి చిన్న పిల్ల నానమ్మ వెనక దాక్కుందని చెప్పి ఒకామె చాలాసేపు మాట్లాడలేదు.

తెలంగాణలో చిత్రం కొంత వేరు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుండి గల్ఫ్ వెళ్ళేది ప్రధానంగా మగవాళ్ళు. ఇక్కడ మిగిలేది భార్యలు. కోవిడ్‌తో అక్కడ చనిపోయినవాళ్ళను అక్కడే ఖననం చేశారు. శవాన్ని చూడని స్త్రీకి దుఃఖం ఎక్కడ మొదలవ్వాలి? ఆ మరణ ధ్రువపత్రం కోసం, బీమా కోసం, పింఛను కోసం ఆమె ఆఫీసుల చుట్టూ తిరిగింది. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తూ తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది 2024లో. అది గల్ఫ్ కుటుంబాలు ఏళ్ళ తరబడి అడిగితే వచ్చింది.

మన వీధుల్లోనే మరో రెండు ముఖాలు

ఈ చర్చను కువైట్‌కే పరిమితం చేయటం న్యాయం కాదు. 2020 జూన్ 22న అమెరికా అధ్యక్షుడి ప్రకటనతో హెచ్-1బి, హెచ్-4 వీసాల మీద కొత్తగా ప్రవేశించటం ఆగిపోయింది. ఆ నిషేధం 2021 మార్చి 31 దాకా సాగింది. పురిటికో, తండ్రి అంత్యక్రియలకో వచ్చి వీసా ముద్ర పడక ఇక్కడే ఆగిపోయిన స్త్రీలున్నారు. భర్త వీసాకు వేలాడే హెచ్-4 స్త్రీకీ, కఫీల్ వీసాకు వేలాడే ఖాదిం స్త్రీకీ చదువులో, కులంలో, సౌకర్యంలో ఎంతో అంతరం. ఇద్దరి ఉనికీ మరొకరి కాగితం మీద ఆధారపడి ఉందన్నది మాత్రం సమానం. ఈ పోలికను జాగ్రత్తగా వాడాలి. మొదటామెకు తిరిగి రావటానికి పుట్టిల్లు ఉంది, అడిగేందుకు లాయరు దొరుకుతాడు.

ఇక అశోక్‌నగర్. గ్రూప్స్ పరీక్షల కోచింగ్ కోసం జిల్లాల నుండి వచ్చిన ఆడపిల్లలు ఇక్కడి హాస్టళ్ళలో నలుగురేసి, ఆరుగురేసి ఉంటారు. 2020 మార్చి 25న నగరంలో హాస్టళ్ళు ఖాళీ చేయమన్నప్పుడు పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు వరుసలు కట్టారు. పాసులతో బయలుదేరిన ఎందరినో ఆంధ్ర సరిహద్దు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. రాత్రంతా రోడ్డు మీద. పరాయితనానికి సముద్రం దాటనవసరం లేదు. పక్క జిల్లా చాలు.

మూడవ ముఖం కూడా ఉంది. నారాయణగూడలోనో, ఇక్కడ అంబర్‌పేట్‌లోనో ఒక ఫ్లాటులో డెబ్భై అయిదేళ్ళ తల్లి. కూతురు టెక్సాస్‌లో. ఆ తల్లిని చూసుకునే ఆయమ్మ గోదావరి జిల్లా నుండి వచ్చింది, అంతకు ముందు కువైట్‌లో పనిచేసింది. ఆయమ్మ పిల్లలను ఆమె తల్లి చూసుకుంటోంది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 2000లో దీన్ని ప్రపంచవ్యాప్త సంరక్షణ గొలుసు అని పేరు పెట్టింది. గొలుసులో కింది కొసకు పోయినకొద్దీ శ్రమ విలువ తగ్గుతుంది. కోవిడ్‌లో ఈ గొలుసు ప్రతి లంకె దగ్గరా లాగింది. టెక్సాస్ కూతురు అపరాధ భావంతో కుమిలింది. ఆయమ్మ మూడు నెలలు ఆ ఫ్లాటు దాటి బయటికి రాలేదు. పై కొసలో ఉన్న స్త్రీ ఒంటరితనం గురించి కథలు వచ్చాయి. కింది కొసలో ఉన్న ముసలి అమ్మమ్మ గురించి ఎవరూ రాయలేదు.

మనం చేయగలిగింది

కౌన్సెలింగ్ నంబర్లు పెరగాలనటంలో నాకు అభ్యంతరం లేదు. ఫోను తన చేతిలో లేని స్త్రీకి హెల్ప్‌లైన్ దూరం. కాబట్టి చర్చ కోసం కొన్ని ప్రతిపాదనలు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది, వెళ్ళకముందే పని. వలస వెళ్ళే మండలాల్లో పొదుపు సంఘాల సమావేశంలో అరగంట దీనికి కేటాయించాలి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్ళు రెండు ఇంట్లో, ఒకటి సంఘం దగ్గర ఉండాలి. యజమాని పేరు, చిరునామా, ఎంబసీ నంబరు ఒక కాగితం మీద రాసి దాచాలి. 68వ చట్టంలోని ఐదు ముఖ్య విషయాలు తెలుగులో అచ్చువేయించి ఆమె చేతికివ్వాలి. ఇది ఏ ప్రాజెక్టూ లేకుండా చేయగల పని.

రెండవది, డబ్బు. ఆమె సంపాదన ఆమె పేరున ఉన్న ఖాతాలోకే రావాలి. కట్టే ఇల్లు, కొనే స్థలం ఆమె పేరున ఉండాలి. ఇంటి మీద నమ్మకం ఉండాలంటే పట్టా ఉండాలి. ఇది కుటుంబాల్లో గొడవ పెట్టే విషయమని తెలుసు. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం ముందు కూర్చున్నప్పుడు అదీ ఇంటి గొడవే అన్నారు.

మూడవది, ఒంటరితనం మీద సంఘటిత పని. వెళ్ళిన స్త్రీకి ఊరిలో ఇద్దరు తోటి స్త్రీలు వరస పెట్టుకుని వారానికొకసారి ఫోను చేయాలి. డబ్బు అడగని ఫోను అది. రెండు వారాలు జవాబు రాకపోతే ఎవరికి చెప్పాలో ముందే నిర్ణయించుకుని ఉండాలి. తిరిగి వచ్చిన స్త్రీలే ఈ పనికి నాయకత్వం వహించాలి. వాళ్ళకు భాష తెలుసు, ఆ ఇళ్ళు తెలుసు.

నాలుగవది, ప్రభుత్వాన్ని అడగవలసినవి. కువైట్‌తో ఇంటిపనివారి నియామకంపై మన దేశం 2021 జూన్‌లో అవగాహన ఒప్పందం చేసుకుంది. దాని అమలు గురించి మన సంఘాలు లిఖితపూర్వకంగా అడగాలి. 2009 నుండి ఉన్న భారతీయ సమాజ సంక్షేమ నిధిని ఏ దారిన వచ్చిందని చూడకుండా ప్రతి స్త్రీకీ వాడాలి. వయసు నిషేధాల స్థానంలో సురక్షితమైన, దగ్గరలో ఉన్న నమోదు కేంద్రాలు కావాలి. ఇంటిపనివారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడికను భారతదేశం ధ్రువీకరించలేదు. మన దేశం ఇక్కడి ఇంటిపనివాళ్ళను కార్మికులుగా పూర్తిగా గుర్తించకుండా, కువైట్ ప్రభుత్వాన్ని నిలదీయగలదా?

అందుకే ఐదవది మన గురించి. ఈ హాల్లో కూర్చున్న మనలో చాలామంది ఇళ్ళలో ఎవరో ఒకామె ఇప్పుడు గిన్నెలు తోముతోంది. 2020 ఏప్రిల్‌లో ఆమెకు జీతం ఇచ్చామా? ఆమెకు వారానికొక సెలవు ఉందా? 2013 లైంగిక వేధింపుల చట్టం ఇంటిపని స్త్రీకి కూడా వర్తిస్తుందని, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చని ఆమెకు ఎవరైనా చెప్పారా? మన అపార్ట్‌మెంట్లలో ఆమె లిఫ్టు ఎక్కకూడదన్న బోర్డు ఉందా? కువైట్ ఇంటి గురించి మనం వేసే ప్రతి ప్రశ్ననూ మన ఇంటి గురించి వేసుకోవచ్చు.

శుక్రవారం అనేది ఆ స్త్రీలకు ఎంత అవసరమో ఇందాక చెప్పాను. మన పేటల్లో పనిచేసే ఆయమ్మలకు అలాంటి రోజు గానీ, అలాంటి చోటు గానీ లేవు. వచ్చే నెల నుండి ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల పాటు ఒక గది వాళ్ళ కోసం తెరిచి ఉంచటం మనకు సాధ్యమా అన్నది చర్చించి, ఈరోజు సమావేశం ముగిసేలోగా నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాను. అక్కడ ఉపన్యాసాలు ఉండనవసరం లేదు. వాళ్ళు కూర్చుని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటే చాలు.

 ఇక మీ ప్రశ్నలు, అనుభవాలు వినాలని ఉంది.